ఫారంలో ఇంకా బతికున్న రష్యా

ఎందుకు రాస్తున్నానంటే

నేను రిటైరైన నెలలోనే మా ఇమిగ్రేషన్ లాయరు ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు. గ్రీన్‌కార్డు ఫారంలో "మీరు ఎప్పుడైనా" అని మొదలయ్యే ప్రశ్నలు బారెడు ఉంటాయి. మీరు ఎప్పుడైనా ఎవరినైనా చంపారా, హింసించారా, మత్తుమందులు అమ్మారా, ప్రభుత్వాన్ని కూలదోయాలని చూశారా, కమ్యూనిస్టు పార్టీలో సభ్యులుగా ఉన్నారా. ఈ కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఒక్క బటన్ నొక్కితే అన్నిటికీ 'నో' అని టిక్కు పడిపోతుంది. నా కుర్చీలో చేరిన అమ్మాయి ఫోన్ చేసి సంబరంగా చెప్పింది.

"అంకుల్, మీరు గంటసేపు కూర్చుని చేసే పని నేను సెకన్లో చేసేశాను!"

"ఆ కమ్యూనిస్టు ప్రశ్న కూడానా?" అన్నాను.

"అదింకా ఎందుకుంది అంకుల్? రష్యా పని అయిపోయింది కదా?"

ఫోన్ పెట్టేసి, ఇది రాయక తప్పదనుకున్నాను. అమెరికా, సోవియట్ రష్యాల మధ్య నడిచిన ఆ పెద్ద పోటీ గురించి న్యూజెర్సీలో మా ఊరు ఎడిసన్ లైబ్రరీలో ఒక గోడంతా పుస్తకాలున్నాయి. క్షిపణుల మీద, గూఢచారుల మీద, చంద్రుడి మీద కాలు పెట్టినవాళ్ల మీద చాలామంది రాశారు. ఆ పోటీ ఓక్ ట్రీ రోడ్డులో మిఠాయి దుకాణం పక్కనున్న మెట్లెక్కి, మా ఆఫీసులోని తెలుగువాళ్ల ఫైళ్లలోకి ఎలా వచ్చి కూర్చుందో మాత్రం ఎవరూ రాయలేదు. నేను చూశాను కాబట్టి రాస్తున్నాను.

నేను లాయర్ని కాదు. పారాలీగల్‌ని. అంటే లాయరు దగ్గర కూర్చుని ఫారాలు నింపి, కాగితాలు సర్ది, క్లయింట్లకు విషయం విడమరచి చెప్పే మనిషిని. చదివింది బీఎస్సీ కెమిస్ట్రీ. చట్టం, చరిత్ర నేర్చుకున్నది పబ్లిక్ లైబ్రరీలో. నాకున్న ఏకైక అమెరికన్ డిగ్రీ నా లైబ్రరీ కార్డు. దాన్ని ఫ్రేము కట్టించలేదు గానీ, కట్టించినా తప్పులేదు.

ప్రమోషన్ల గురించి రాయను. ఆ ఆఫీసులో ఉన్నవి రెండే ఉద్యోగాలు. రెండోది మా యజమానిది.

ఉప్మా వాళ్లది, అట్టలు వీళ్లవి

ముందు నా పక్షం ఏమిటో చెప్పాలి. తెనాలి దగ్గర మా ఊరి బడిలో మధ్యాహ్నం పచ్చటి ఉప్మా పెట్టేవాళ్లు. ఆ పిండి అమెరికా నుంచి వచ్చేది. పాలపొడి కూడా వాళ్లదే. దాన్ని నీళ్లలో కలపకుండా అరచేతిలో పోసుకుని నాకితే అంగిట్లో అంటుకుని పీరియడంతా వచ్చేది. సాయంత్రం మా మేనమామ ఇంటికి వెళ్తే అక్కడ సోవియట్ పత్రికలు ఉండేవి. నున్నటి కాగితం, రంగుల బొమ్మలు, ట్రాక్టర్ల పక్కన నవ్వే ఎర్రబుగ్గల ఆడవాళ్లు. మేం వాటిని చదవలేదు. పుస్తకాలకు అట్టలు వేసుకున్నాం. అంత మంచి అట్టలు మళ్లీ నేనెక్కడా చూడలేదు.

అలా ప్రపంచంలోని రెండు పెద్ద దేశాలు మా ఊళ్లో హోరాహోరీగా పోరాడాయి. ఒకటి పొట్ట నింపింది, ఇంకొకటి పుస్తకాలకు చొక్కా తొడిగింది. మేం ఇద్దరికీ ఓటెయ్యలేదు. పండగ సెలవులు ఎప్పుడిస్తారా అని మాత్రమే చూశాం.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, అమెరికా ఫారం చూసేవాళ్లకి మనం ఏదో ఒక పక్షంలో పుట్టి ఉంటామని ఒక అనుమానం. మనవాళ్లలో చాలామంది రెండు పక్షాల దగ్గరా తిని పెరిగినవాళ్లే.

ఫ్రాంక్ బల్ల

మా యజమాని పేరు ఫ్రాంక్. ఇటలీ నుంచి వచ్చిన కుటుంబం, న్యూజెర్సీలో పుట్టాడు. పెద్ద గొంతు, చిన్న ఆఫీసు. మొదటి రోజున నేను అడిగాను, ఈ కమ్యూనిస్టు ప్రశ్న ఏమిటని. ఆయన తన బల్ల కిందికి చెయ్యి చూపించాడు.

"మా చిన్నప్పుడు బళ్లో డ్రిల్ ఉండేది. రష్యావాడు ఆటంబాంబు వేస్తాడు, గంట కొట్టగానే అందరూ బల్లల కిందికి దూరి తల మీద చేతులు పెట్టుకోవాలి. చెక్కబల్ల ఆటంబాంబుని ఆపుతుందని మా టీచరమ్మకి గట్టి నమ్మకం. అలా బల్లకింద పెరిగినవాళ్లు పెద్దయ్యి రాసుకున్న ప్రశ్న ఇది. వాళ్లలో చాలామంది ఇంకా బల్ల కిందే ఉన్నారు, మూర్తీ."

తర్వాత లైబ్రరీలో చూస్తే ఫ్రాంక్ కాస్త కోతలు కోశాడని తెలిసింది. ఆ చట్టం రాసినవాళ్లు ఆ పిల్లల తండ్రుల తరం. యాభైల మొదట్లో, ప్రతి పొదలోనూ రష్యావాడు కనిపించే రోజుల్లో రాసుకున్నారు. ఆ వేడి ఎప్పుడో చల్లారింది. ప్రశ్నని తీసెయ్యాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. గెలిచినవాడు గెలిచిన సంగతి తన ఫారానికే ఇంకా చెప్పుకోలేదు.

ఫ్రాంక్‌కి ఒక నియమం ఉండేది. "ఎప్పుడైనా" ప్రశ్నలన్నీ క్లయింటుకి వాళ్ల భాషలో, ఒక్కోటీ పైకి చదివి, వాళ్ల నోటి నుంచి జవాబు వినాలి. ఇంగ్లీషులో ఈ నియమం బాగానే ఉంటుంది. తెలుగులో ఒక పెద్దావిడ ఎదురుగా కూర్చుని, "అమ్మా, మీరెప్పుడైనా వ్యభిచార వృత్తిలో ఉన్నారా?" అని అడిగి చూడండి. అందుకని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ఆ పేజీ రాగానే కొడుకునో కూతురినో కిందికి పంపి మిర్చి బజ్జీలు తెమ్మనేవాణ్ణి. వాళ్లు మెట్లు దిగాక, "ఇప్పుడు అడిగేవి నా ప్రశ్నలు కావు, అమెరికావి. కొట్టాలనిపిస్తే ఫ్రాంక్‌ని కొట్టండి" అని మొదలుపెట్టేవాణ్ణి. ఇన్నేళ్లలో ఒకావిడ నిజంగానే లేచింది. ఫ్రాంక్ ఆ రోజు కోర్టులో ఉండి బతికిపోయాడు.

స్పుత్నిక్ రావు

మొదట్లో మేం చేసిన పెద్ద పొరపాటు స్పుత్నిక్ రావు కేసులో. రష్యావాళ్లు మొట్టమొదటి ఉపగ్రహాన్ని ఆకాశంలోకి వదిలిన వారంలో పుట్టాడు. తండ్రి పార్టీ అభిమాని, ఇంకేముంది. మెయిన్‌ఫ్రేమ్ ప్రోగ్రాములు రాసే బుద్ధిమంతుడు, గుడికి తప్ప ఎక్కడికీ వెళ్లడు. గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూకి పిలుపు రాగానే వణికిపోయాడు.

"మూర్తి గారూ, పేరు మార్చేసుకోమంటారా?"

"మార్చి ఏం పెట్టుకుంటారు?"

కాసేపు ఆలోచించాడు. "అపోలో రావు?"

ఫ్రాంక్ అంతకన్నా ఎక్కువ హడలిపోయాడు. తండ్రి పెట్టిన పేరుకీ కొడుకు రాజకీయాలకీ సంబంధం లేదని కోర్టు తీర్పులు ఉటంకిస్తూ పొడుగాటి మెమో రాసి ఫైల్లో పైన పెట్టాడు. ఇంటర్వ్యూలో ఆఫీసరు రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. మెమో పక్కకి నెట్టి, రావు మొహంలోకి చూశాడట.

"మా నాన్న మమ్మల్నందర్నీ పెరట్లోకి తీసుకెళ్లాడు, నువ్వు ఆకాశంలో వెళ్తుంటే చూడ్డానికి. తోబుట్టువులున్నారా?"

"చెల్లెలు ఉంది సార్. లూనా." రష్యావాళ్లు చంద్రుడి మీదికి పంపిన వాహనం పేరది. పదేళ్లు దాటాక అదే పేరుతో మన రోడ్ల మీదికి మోపెడ్ బండి వచ్చింది. ఆవిడ కాలేజీ రోజులు ఎలా గడిచి ఉంటాయో మీరే ఊహించుకోండి.

ఆఫీసరు నవ్వి, అక్కడికక్కడే స్టాంపు కొట్టాడు. మన భయాన్ని మనమే మెమోగా రాసి ఎదుటివాడి చేతిలో పెట్టకూడదని ఆ రోజు నేర్చుకున్నాం. అడగని ప్రశ్నకి జవాబు రాయడం లాయర్లకున్న జబ్బు. పారాలీగల్ పని ఆ కాగితాన్ని మర్యాదగా ఫైలు అడుక్కి తొయ్యడం.

"అన్నీ నో కొట్టెయ్"

రెండో పొరపాటు మనవాళ్లది, మనవాళ్లు మాత్రమే చేయగలిగింది. మనలో ఎవరికైనా ఒక ఫారం ఆమోదం పొందిందంటే అది ప్రసాదం లెక్క. రూమ్మేట్‌కి ఫార్వర్డ్ అవుతుంది, వాడి బావమరిదికి వెళ్తుంది, అక్కణ్ణుంచి వాట్సాప్ గ్రూపులోకి. కొత్తవాడు పేరు మార్చి, మిగతాది అలాగే ఉంచి పంపేస్తాడు. "ఆల్రెడీ అప్రూవ్ అయ్యింది కదా అంకుల్, రిస్క్ ఎందుకు?" అంటాడు. "డౌట్ ఉంటే అన్నీ నో కొట్టెయ్" అన్నది ఆ గ్రూపుల మూలసూత్రం.

రెడ్‌మండ్‌లో ఉండే కిరణ్ అనే కుర్రాడు అలాగే రూమ్మేట్ ఫారం దించేసి, తనే పంపేసుకుని, ఇంటర్వ్యూలో ఇరుక్కున్నాక మాకు ఫోన్ చేశాడు. ఆ రూమ్మేట్ నిజాయితీపరుడు. కాలేజీలో ఎర్రజెండా విద్యార్థి సంఘానికి జిల్లా జాయింట్ సెక్రటరీగా పనిచేశానని తన ఫారంలో రాసుకున్నాడు. పంతొమ్మిదేళ్ల వయసులో బస్‌పాసుల కోసం ధర్నా చేశానని చెప్పాడు, ఆఫీసరు సరేనన్నాడు. ఆ ముక్క కిరణ్ ఫారంలోకి యథాతథంగా వచ్చేసింది. ఇంటర్వ్యూలో ఆఫీసరు, "జాయింట్ సెక్రటరీగా మీ బాధ్యతలేమిటి?" అని అడిగేదాకా తనకా పదవి ఉన్నట్టు మనవాడికి తెలియదు.

"అంకుల్, నేను అవతలి యూనియన్! వీళ్లతో కొట్టుకున్నోణ్ణి! నుదుటి మీద కుట్లు కూడా ఉన్నాయి, ఫోటో పంపనా?"

"కుట్లకి ఫారంలో గడి లేదు నాయనా."

కమ్యూనిస్టుల చేతిలో తల పగలగొట్టించుకున్న మనిషి తాను కమ్యూనిస్టుని కానని అమెరికాకి రుజువు చేసుకోవడానికి ఏడాదికి పైగా పట్టింది. అప్పుడు కూడా ఆఫీసరుకి అనుమానం కమ్యూనిజం మీద కాదు. ఫారం నింపిందెవరన్న దాని మీద.

సీతారావమ్మ

ఇప్పుడు అసలు కేసు.

నటాషా మా పక్క ఊరు పిస్కాటవేలో మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తుంది. నటాషా అన్న పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో మీకీపాటికి అర్థమయ్యే ఉంటుంది. భర్తతో విడిపోయింది. కిండర్‌గార్టెన్ చదివే కూతురు మేఘన. నటాషా షిఫ్టుకి వెళ్తే పిల్లని చూసుకునేది తల్లి సీతారావమ్మ, మధిర నుంచి విజిటర్ వీసా మీద వచ్చి ఆర్నెల్లుండి, వెళ్లి, మళ్లీ వచ్చేది. చివరిసారి ఎయిర్‌పోర్టులో ఆఫీసరు ఆవిడ్ని పక్కన నిలబెట్టి అడిగాడు: "మీరు చూడ్డానికి వస్తున్నారా, ఉండటానికి వస్తున్నారా? ఇంకోసారి ఇలా వస్తే ఇక్కణ్ణుంచే వెనక్కి పంపుతాం." ఆ తర్వాత నటాషాకి సిటిజన్‌షిప్ వచ్చింది. తల్లికి గ్రీన్‌కార్డు పెట్టొచ్చు. రాకపోతే మాత్రం ఇక రాకపోకలు లేవు. తల్లి అక్కడ, వీళ్లిద్దరూ ఇక్కడ. ఉద్యోగం మానుకోవాలో పిల్లని ఎక్కడ వదలాలో నటాషాకి తెలియదు.

ముగ్గురూ ఒక శనివారం ఉదయం వచ్చారు. మేఘన అమ్మమ్మ కొంగు వదలలేదు. "అమ్మమ్మా, నువ్వు ఈసారి గో చెయ్యవు, ఓకే?" అంటోంది. సీతారావమ్మకి డెబ్బై దాటాయి. వెన్ను నిటారుగా పెట్టి కుర్చీ అంచున కూర్చునే మనిషి.

ఆ పేజీ వచ్చింది. నటాషానీ మేఘననీ బజ్జీలకి పంపి మొదలుపెట్టాను.

"అమ్మా, మీరెప్పుడైనా ప్రభుత్వాన్ని బలప్రయోగంతో కూలదోయాలని ప్రయత్నించారా?"

"ఏ ప్రభుత్వాన్ని?"

"ఏదైనా. ముఖ్యంగా అమెరికా ప్రభుత్వాన్ని."

"మా మున్సిపాలిటీనే కదిలించలేకపోయాం తమ్ముడూ. అమెరికా దాకా ఎక్కడొస్తాం?"

'నో' అని టిక్కు పెట్టాను. "కమ్యూనిస్టు పార్టీలో ఎప్పుడైనా సభ్యులుగా ఉన్నారా?"

"ఉన్నాను కాదు, ఉంటున్నాను. పెళ్లికి ముందు నుంచీ."

బజ్జీల పొట్లంతో నటాషా అప్పుడే తలుపు తీసింది. "అమ్మా! నో అని చెప్పమన్నా కదా! వాళ్లకేం తెలుస్తుంది?"

"వాళ్లకి తెలియదే. నాకు తెలుసుగా."

ఫ్రాంక్‌ని పిలిచాను. ఆయన తన చిన్నప్పటి బల్ల కథ ఆవిడకి చెప్పమన్నాడు. "మీ వాళ్ల మూలంగా నేను రెండో క్లాసంతా నేలమీదే గడిపానని చెప్పు." చెప్పాను.

"ఆయన బల్లకింద దూరితే నేనేం చేసేది? నేనప్పుడు మధిరలో వాళ్ల ఉప్మా తింటున్నా. తినకపోతే మాస్టారు కొట్టేవాడు. మేమేమన్నా అడిగామా?"

ఫ్రాంక్ పగలబడి నవ్వాడు. తర్వాత నవ్వాపి, ఉన్నదున్నట్టు చెప్పాడు. అబద్ధం రాస్తే అది మోసం, బయటపడితే ఎప్పటికీ తలుపు మూసేస్తారు. నిజం రాసి, కుటుంబం కోసం మినహాయింపు ఇవ్వమని అడగొచ్చు, ఇస్తారో లేదో చెప్పలేం. ఇవ్వకపోతే విజిటర్ వీసా మీద కూడా ఆశ వదులుకోవాలి. మూడోది, సభ్యత్వం ముగిసి రెండేళ్లు దాటి ఉంటే చట్టం పట్టించుకోదు. కాబట్టి ఇవాళ రాజీనామా చేసి, ఇంటికెళ్లి, రెండేళ్ల తర్వాత రావాలి.

రాజీనామా అన్న మాటకి ఆవిడ కొంగు సర్దుకుంది. "లాకప్‌లో కూర్చోబెట్టి రాజీనామా ఇమ్మన్నారు. ఇవ్వలేదు. ఎడిసన్‌లో ఏసీలో కూర్చోబెట్టి అడిగితే ఇస్తానా?"

"ఆయన అడగట్లేదమ్మా, చట్టం..." అంది నటాషా. ఏడుపు ఆపుకుంటోంది.

నాకు ఊరికే ఉండటం చేతకాదు. ఈ పార్టీలు ఎలా నడుస్తాయో కొంత చదివి ఉన్నాను. అడిగాను: "అమ్మా, మీ సభ్యత్వం ఒకసారి తీసుకుంటే జీవితాంతమా?"

"అట్లా ఎట్లా కుదురుద్ది? ఏటా రెన్యువల్. లెవీ చందా కట్టాలి, మీటింగులకి పోవాలి."

"ఈ మధ్య మీరు ఇక్కడే కదా ఎక్కువ?"

"మా సెక్రటరీ వీరభద్రం చూసుకుంటాడు. నా చేతుల మీద పెరిగినోడు."

ఫ్రాంక్, నేను మొహాలు చూసుకున్నాం. మధిరలో అప్పటికి సాయంత్రమే. వాట్సాప్‌లో కలిపాం. ఆవిడే ఫోన్ తీసుకుని స్పీకర్ పెట్టమంది.

"అక్కా! బాగున్నావా? పాప బాగుందా? అక్కడ చలేనా?"

"చలి సంగతి తర్వాత. వీరభద్రం, నా సభ్యత్వం ఎన్నేళ్ల నుంచో ఈ తమ్ముడికి చెప్పు."

"అక్కా, లైన్ సరిగ్గా లేదు..."

"లైన్ బాగానే ఉంది. చెప్పు."

"అక్కా, ఏటా రెన్యువల్ ఉంటది కదా..."

"ఉంటది. నేను లేకపోతే నువ్వు చూసుకుంటావని చెప్పే వచ్చా కదా."

"చూసుకోడానికి అదేమన్నా గ్యాస్ బుకింగా అక్కా? మనిషి ఉండాలి, మీటింగుకి రావాలి. నియమం నియమమేనని పార్టీ క్లాసులో మాకు చెప్పింది నువ్వే కదా."

"ఎప్పుడు తీశారు?"

"మూడేళ్లు దాటిందక్కా. నువ్వు ఊరొచ్చినప్పుడల్లా చెబుదామనే అనుకున్నా. ధైర్యం చాల్లా."

"ఏమన్నాడు?" అని ఫ్రాంక్ నన్ను గిల్లుతున్నాడు. చెప్పాను. కుర్చీలోంచి లేచి బల్ల మీద గుద్దాడు. "మూడేళ్లా! మూర్తీ, ఆ సెక్రటరీకి నేను ముద్దు పెట్టాలి!" నటాషా నవ్వుతూ ఏడుస్తూ మేఘనని ఎత్తుకుంది. ఆఫీసులో పెళ్లి జరుగుతున్నట్టుంది. మధ్యలో సీతారావమ్మ మాత్రం ఆ ఫోన్ వైపు, అందులోంచి ఎవరో తన పరువు తీసినట్టు చూస్తోంది.

"వీరభద్రం," అంది. "ఇప్పుడే రాయి. మళ్లీ చేర్చుకో."

నటాషా ఫోన్ లాక్కోబోయింది. వీరభద్రం అంతకన్నా ముందే అన్నాడు: "ఊరికొచ్చెయ్యక్కా, రాసుకుంటా. కాకపోతే కొత్తవాళ్ల లెక్కన క్యాండిడేట్ మెంబర్‌గా మొదలుపెట్టాలి. అమెరికాలో ఉండి సభ్యత్వమంటే మాత్రం జిల్లా వాళ్లు ఒప్పుకోరు."

రెండు దేశాల నియమాలు చూడండి. అక్కడికి వెళ్తేనే సభ్యత్వం. సభ్యత్వం లేకపోతేనే ఇక్కడ ఉండటం. లైబ్రరీలో నేను చదివినదాంట్లో ఈ రెండు పక్షాలు ఒక్క విషయంలోనైనా ఇంత చక్కగా ఏకాభిప్రాయానికి రావడం చూడలేదు.

ఆవిడ లేచింది. "కొన్నాళ్లు ఆగమను తమ్ముడూ మీ లాయర్ని" అని మెట్లు దిగింది.

నటాషా నాకు రోజూ ఫోన్ చేసేది. "అంకుల్, మీరొక్క మాట చెప్పండి, మీ మాట వింటుంది." ఫ్రాంక్ వద్దన్నాడు. ఇలాంటి చోట్ల మనం నచ్చజెప్పి ఒప్పిస్తే ఆ ఒప్పుకోలు ఇంటర్వ్యూ గదిలో విరిగిపోతుందని ఆయన లెక్క. నోరు మూసుకున్నాను. నాకది చాలా కష్టమైన పని, మా ఆవిడ సాక్ష్యం.

ఒక ఉదయం ఆవిడే ఒంటరిగా, ఎవరినో దారి అడుగుతూ బస్సెక్కి వచ్చేసింది. కూర్చోకుండానే చెప్పింది.

"అప్లికేషన్ పెట్టు. రాజీనామా చేశానని మాత్రం ఎక్కడా రాయొద్దు. తీసేశారని రాయి."

అలాగే రాశాం. వీరభద్రం పార్టీ లెటర్‌హెడ్ మీద ధ్రువపత్రం పంపాడు. అలవాటు కొద్దీ చివర 'విప్లవాభివందనాలతో' అని ముగించాడు. తీసేద్దామన్నాను. "అనువాదం అంటే అనువాదమే" అన్నాడు ఫ్రాంక్. అమెరికా ప్రభుత్వానికి విప్లవాభివందనాలు పంపిన లా ఆఫీసు బహుశా మాదొక్కటే.

నెవార్క్

నెవార్క్ ఇమిగ్రేషన్ ఆఫీసులో ఇంటర్వ్యూకి నేను దుబాసీగా వెళ్లాను. ఆఫీసరు కుర్రాడు, సోవియట్ యూనియన్ పోయాక పుట్టినవాడు. ఫైల్లో ఆ పేజీ దగ్గర ఆగి, "దీనికి అవునన్నవాళ్లు నాకు ఇంతవరకూ తగల్లేదు. ఒక్క నిమిషం" అని లేచి, ఎవరినో అడగడానికి వెళ్లాడు. పెద్ద బైండు పుస్తకంతో తిరిగొచ్చాడు. ఫ్రాంక్ నా చెవిలో, "ఆ పుస్తకం నాకన్నా ముసలిది" అన్నాడు.

"పార్టీలో ఏం చేసేవారు?"

"నాట్లు వేసే ఆడవాళ్లకి కూలి పెంచమని కొట్లాడాం. మా వాడకి నీళ్ల కుళాయి తెచ్చాం. చదువు రానివాళ్లకి చదువు చెప్పాను."

ఆఫీసరు ఇంకా ఏదో ఉంటుందని చూశాడు. లేదు. "ఎందుకు వదిలేశారు?"

"నేను వదల్లేదు. వాళ్లే తీసేశారు."

"ఏ కారణంతో?"

"మనవరాలిని చూసుకుంటూ మీటింగులకి రాలేదని."

ఆ కుర్రాడి మొహంలో ఏదో కదిలింది, నవ్వో జాలో చెప్పలేను. మళ్లీ పుస్తకంలోకి చూసి చదివాడు. "వాళ్లు తిరిగి చేర్చుకుంటామంటే చేరతారా?"

నటాషా గోడవైపు తిరిగింది. ఆవిడ చెప్పబోయే మాటని ఇంగ్లీషులో కాస్త మెత్తగా తిప్పడం నాకు ఎంత తేలికో నాకు తెలుసు. ఫ్రాంక్‌కీ తెలుసు. నా వైపు చూసి తల అడ్డంగా ఆడించాడు.

సీతారావమ్మ తొందరపడలేదు.

"అక్కడుంటే చేరతాను. కానీ ఇక్కడున్నాను. మా పిల్ల బస్సు మూడింటికి వస్తది."

ఒక్క అక్షరం మార్చకుండా చెప్పాను. ఆఫీసరు చాలాసేపు టైపు చేశాడు. తర్వాత ఫైలు మూసి, "బస్సు టైముకి వెళ్లగలరు" అన్నాడు. అంతకుమించి ఏమీ చెప్పలేదు.

మేం బయటికి వచ్చాక ఫ్రాంక్ అన్నాడు: "పోయింది మూర్తీ. 'అక్కడుంటే చేరతాను' అన్న ఆ రెండు ముక్కలతో పోయింది." నాకూ అలాగే అనిపించింది. కొన్ని వారాల తర్వాత పోస్టులో గ్రీన్‌కార్డు వచ్చింది. ఆ కుర్రాడు ఆ రెండు ముక్కల్ని ఎలా తూచాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ పుస్తకంలో ఏముందో చూద్దామని లైబ్రరీలో వెతికాను. అది బయటివాళ్లకి ఇవ్వరట.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకి నేను చెప్పగలిగింది ఇంతే. ప్రశ్న పాతబడిందని మీరు నిర్ణయించకండి. దాన్ని అవతలి మనిషి భాషలో పైకి చదవండి, జవాబు వచ్చేదాకా ఆగండి. మధ్యలో కిందినుంచి బజ్జీలు తెప్పించండి.

కృతజ్ఞతలు

నన్ను నమ్మి కుర్చీ ఇచ్చిన ఫ్రాంక్‌కి. తెలియనిదాన్ని తెలియదని చెప్పి, తెలిసిన పుస్తకం ఎక్కడుందో చూపించిన లైబ్రరీ రిఫరెన్స్ డెస్క్ మిసెస్ హార్పర్‌కి. పొయ్యి ఆర్పేశాక కూడా నా క్లయింట్ల కోసం బజ్జీలు వేసిన కింది దుకాణం పటేల్ గారికి. పేరు వాడుకోనిచ్చిన స్పుత్నిక్ రావుకి, వాళ్ల చెల్లెలు లూనా గారికి. నుదుటి ఫోటో ఇప్పటికీ పంపుతున్న కిరణ్‌కి. మధిర నుంచి నన్ను 'కామ్రేడ్ మూర్తి' అని పిలిచే వీరభద్రానికి. నా మాటలన్నీ రెండేసి సార్లు విన్న నా భార్య రాజ్యలక్ష్మికి. ఇదంతా రాయమన్న నటాషాకి, పెన్ను దాచిపెట్టిన మేఘనకి.

చివరగా సీతారావమ్మ గారికి. ఇదంతా ఆవిడకి చదివి వినిపించాను. కళ్లు మూసుకుని చివరిదాకా విని, ఒకే ఒక్క చోట దిద్దమన్నారు. "తీసేశారని రాశావు. అన్యాయంగా తీసేశారని రాయి."

రాశాను.